14వ శతాబ్దపు ఇటలీలో కిరాయి దండులు: ఒప్పందం, జీతం, గుర్రం, దోపిడీ (చర్చ)

నాగలిచాలు

అందరికీ నమస్కారం. మధ్యయుగాల కిరాయి సైన్యాల గురించి ఎక్కడ చదివినా రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. డబ్బిస్తే పోరాడారు, డబ్బు ఆగితే ఊళ్ళు దోచారు, అంతే. ఆ ఏర్పాటు రోజువారీగా ఎలా నడిచిందో తెలుసుకోవాలని ఉంది. ఇటలీ నగరాలకు కిరాయి దండులు నడిపిన ఇంగ్లీషు నాయకుడు జాన్ హాక్‌వుడ్ కాలం తీసుకుందాం, అంటే 1360 నుంచి 1394 దాకా. ఒక నగరం దండును కుదుర్చుకుంటే కాగితం మీద ఏం రాసుకునేవాళ్ళు? జీతం ఎవరి చేతిలో పడేది? గుర్రం చస్తే నష్టం ఎవరిది? దోచిన సొమ్ములో ఎవరికెంత? గడువు తీరిన మర్నాడు ఆ వేలమంది ఏం తినేవాళ్ళు? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

కోటబురుజు

ముందు వీళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పాలి. 1360 మేలో బ్రెటిన్యీ దగ్గర ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజులకు సంధి కుదిరింది. రాజులకు శాంతి వచ్చింది గానీ వేలమంది సైనికులకు జీతం పోయింది. ఇళ్ళకు వెళ్ళనివాళ్ళు దండులు కట్టారు. అదే ఏడాది డిసెంబర్ 28 రాత్రి రోన్ నది మీది పాంట్-సెయింట్-ఎస్ప్రీ పట్టణాన్ని పట్టుకున్నారు. అప్పట్లో పోపు ఉండే అవిన్యోన్‌కు సరుకులు వచ్చే దారి అదే. పోపు ఆరో ఇన్నోసెంట్ వీళ్ళ మీద మతయుద్ధం ప్రకటించాడు. అదీ పని చెయ్యలేదు. చివరికి ఉత్తర ఇటలీలోని మొన్‌ఫెర్రాటో ప్రభువు, మిలాన్‌ను ఏలే విస్కాంటీ వంశం మీద పోరాటానికి కుదుర్చుకుని, 1361లో ఆల్ప్స్ దాటించి ఇటలీకి తీసుకుపోయాడు. అలా వెళ్ళిందే వైట్ కంపెనీ. మొదటి నాయకుడు ఆల్బర్ట్ స్టెర్జ్ అనే జర్మన్. 1364 నాటికి పీసా కొలువులో ఉండగా హాక్‌వుడ్ నాయకుడయ్యాడు.

ఇక ఒప్పందం. దాన్ని కొండోట్టా అనేవాళ్ళు. నోటరీ సమక్షంలో లాటిన్‌లో రాసేవాళ్ళు. అందులో తప్పకుండా ఉండేవి: ఎంతమంది మనుషులు, ఎన్ని గుర్రాలు, పక్కా గడువు ఎన్ని నెలలు (ఆ రోజుల్లో 3 నుంచి 6 నెలలు మామూలు), గడువు తర్వాత నగరం ఇష్టపడితే పొడిగించుకునే కాలం, జీతం, ముందస్తు బయానా, మొదటి తనిఖీ తేదీ. వీటితో పాటు బస ఎక్కడ, గడ్డి, కట్టెలు ఎవరిస్తారు, తిండి గింజలు ఏ ధరకు అమ్మాలి, సుంకం పడుతుందా లేదా అన్నది కూడా ఉండేది. తన మనుషుల నేరాలను తానే విచారించే అధికారం నాయకుడికి రాసిచ్చేవాళ్ళు. దీనిమీదే ఎక్కువ బేరం జరిగేది. ఎందుకంటే ఊళ్ళో ఒక సైనికుడు ఎవరినైనా పొడిస్తే నగర న్యాయాధికారి వాణ్ణి ఉరితీస్తాడా, నాయకుడే మందలించి వదిలేస్తాడా అన్నది ఈ ఒక్క వాక్యం మీదే ఆధారపడేది.

ఇంకొకటి ఉంది, చాలామంది గమనించరు. గడువు తీరాక కొన్ని నెలల పాటు పాత యజమాని మీద దాడి చెయ్యకూడదన్న షరతు. నగరాలు దీనికోసం విడిగా డబ్బు కట్టడానికి కూడా వెనకాడలేదు.

లెక్కలపద్దు

మనుషుల లెక్క నేను చెబుతాను. వైట్ కంపెనీ రాకముందు ఇటలీలో లెక్కింపు బార్బూటాల్లో ఉండేది, అంటే ఇద్దరు రౌతులు. వీళ్ళు వచ్చాక లాన్సియా లెక్క మొదలైంది. ఒక లాన్సియాకు ముగ్గురు: పూర్తి కవచమున్న పోటుగాడు, తేలిక కవచమున్న తోడు సైనికుడు, ఒక కుర్రాడు. ముగ్గురికీ గుర్రాలు. మంచి గుర్రం మొదటివాడిది, నాసిరకం టట్టు కుర్రాడిది. 5 లాన్సియాలు ఒక పోస్టా, 5 పోస్టాలు ఒక బందియేరా. కాబట్టి ఒక జెండా కింద 25 లాన్సియాలు, 75 మంది, 75 గుర్రాలు. వాళ్ళలో కత్తి పట్టేవాళ్ళు 50 మందే. పాత పత్రాల్లో "200 లాన్సియాలు" అని చూసి 200 మంది అనుకునేవాళ్ళున్నారు, 600 మంది అనుకుని యుద్ధబలం లెక్కకట్టేవాళ్ళూ ఉన్నారు. రెండూ తప్పే. తినే నోళ్ళు 600, పోరాడే చేతులు 400.

జీతం ఎవరికి పడేదన్నది దండు తరహాను బట్టి మారుతుంది. మొత్తం దండును ఒకే మూటగా కుదుర్చుకుంటే డబ్బు దండు కోశాధికారికి పోతుంది, పంపకం లోపల జరుగుతుంది. నగరమే చిన్న చిన్న జట్లను విడివిడిగా తీసుకుంటే ఒక్కో జట్టు పెద్దకు విడిగా ఇస్తారు. నగరాలకు రెండోదే ఇష్టం. మొత్తం సైన్యం ఒక్కడి చెప్పుచేతల్లో ఉండదు గదా.

సంతకం పెట్టగానే బయానా ఇవ్వాల్సిందే. అది లేకపోతే తాకట్టులో ఉన్న కవచాలు బయటికి రావు, లాడాలు పడవు, దండు కదలదు. ఈ బయానా ఉచితం కాదు, తర్వాతి నెలల జీతంలోంచి విడతలుగా కోసేస్తారు. కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటి నెల జేబు నిండుగా ఉంటుంది. మూడో నెలకు బయానా కోత, తనిఖీలో దొరికిన లోపాల కోత కలిసి చేతికొచ్చేది సగమవుతుంది. అదే సమయానికి నగర ఖజానా కూడా ఖాళీ. తిరుగుబాట్లు, పారిపోవడాలు ఎక్కువగా గడువు చివర్లో ఎందుకు జరిగాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఎర్రచుక్క

గుర్రం సంగతి నాకు వదిలేయండి. సైనికుడి ఆస్తిలో పెద్ద భాగం అదే. పని చేస్తుండగా గుర్రం చస్తే నగరం పరిహారం ఇవ్వాలి. మెందా అనేవాళ్ళు దీన్ని. ఈ ఒక్క షరతు కోసం ఒక పెద్ద రాతకోతల యంత్రాంగమే నడిచింది.

చేరిన రోజున గుర్రాలన్నిటినీ వరసగా నిలబెడతారు. నగరం తరఫున ఒక అధికారి, గుర్రాల డెక్కలు, కాళ్ళు చూడటం తెలిసిన ఒక నిపుణుడు, రాయడానికి నోటరీ. రంగు, ఎత్తు, నుదుటి మీద చుక్క, కాళ్ళ తెలుపు, చెవి చీలిక, పాత వాత ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది, అన్నీ పుస్తకంలోకి ఎక్కిస్తారు. పక్కనే ఖరీదు మదింపు. కొత్తగా నగరం గుర్తుతో వాత వేస్తారు. పరిహారం ఈ మదింపును దాటదు. అందుకే మదింపు రోజునే పోట్లాటలు. సైనికుడు ఎక్కువ రాయమంటాడు, అధికారి తక్కువ రాస్తాడు. తక్కువ రాస్తే వచ్చే చేటు ఏమిటంటే, ఆ సైనికుడు తర్వాత గుర్రాన్ని ప్రమాదంలోకి దూకించడు. బురద కాలువ ముందుంటే దిగి నడుస్తానంటాడు. మదింపులో మిగిల్చిన సొమ్ము యుద్ధంలో పోతుంది.

గుర్రం చచ్చాక గడువులోగా ఇంకోటి తెచ్చుకోవాలి. లేకపోతే రౌతు జీతం ఆగిపోతుంది. అందుకే పరిహారం ఆలస్యమైతే సైనికుడు రెండు వైపులా నష్టపోతాడు. గుర్రం పోయింది, గుర్రం లేదని జీతమూ పోయింది. అప్పు చేసి కొనాలి, ఆ అప్పు తర్వాతి బయానాలో తీర్చాలి.

నాగలిచాలు

ఇంత పక్కాగా రాసుకుంటే మోసాలకు తావెక్కడిది? లేని మనుషుల పేర మీద జీతాలు తీసుకున్నారని చదివాను.

లెక్కలపద్దు

తనిఖీ రోజు ముందే తెలిస్తే చాలండి. పక్క జట్టు నుంచి గుర్రాలు అరువు తెచ్చుకుంటారు. ఊళ్ళో కూలివాణ్ణి పట్టుకొచ్చి శిరస్త్రాణం పెట్టి నిలబెడతారు. చచ్చినవాడి పేరు పిలిస్తే ఇంకొకడు పలుకుతాడు. కవచం తాకట్టులో ఉంటే ఒక్కరోజు కోసం వడ్డీవ్యాపారి దగ్గర్నుంచి విడిపించి, సాయంత్రానికి మళ్ళీ అప్పజెబుతారు.

దీనికి విరుగుడుగా అన్ని జట్లనూ ఒకే రోజున, ఒకే గంటలో, చెప్పకుండా తనిఖీ చెయ్యాలి. గుర్రాల వాతలు పుస్తకంతో సరిపోల్చాలి. మనుషుల ఒడ్డు పొడుగు, తండ్రి పేరు, ఊరు, ముఖం మీద మచ్చలు రాసిపెట్టుకోవాలి. ఇవన్నీ చేశారు కూడా. అయితే మంచి నాయకుణ్ణి పోగొట్టుకోకూడదనుకున్నప్పుడు చూసీ చూడనట్టు వదిలేశారు. ఒక్కోసారి ఆ ఖాళీ జీతాలు నాయకుడికి అదనపు భత్యమని ఇద్దరికీ తెలుసు.

ఈటెమొన

పోరాటం ఎలా చేసేవాళ్ళో ఎవరూ ఎత్తలేదు. వీళ్ళకు అంత ధర పలికిందే దానివల్ల కదా. ఆ కాలపు ఫ్లోరెన్స్ చరిత్రకారుడొకరు దగ్గరగా గమనించి రాసిన వివరాలున్నాయి.

యుద్ధం ముందు గుర్రాలు దిగేవాళ్ళు. లాన్సియాలోని మూడోవాడు, ఆ కుర్రాడు, గుర్రాలను వెనక్కి తోలుకుపోయి పట్టుకుని ఉంటాడు. ఇద్దరు కలిసి ఒకే బరువైన ఈటె పట్టుకుంటారు. అడవిపందిని వేటాడే పద్ధతి అది. దగ్గర దగ్గరగా, దాదాపు గుండ్రంగా కట్టుకుని, ఈటెలు కిందికి వంచి, చిన్న చిన్న అడుగులతో, భయంకరమైన కేకలతో ముందుకు నడుస్తారు. ఆ వరసను విడదీయడం గుర్రపు దాడికి సాధ్యం కాలేదు. ఎదుటివాళ్ళు వెన్ను చూపగానే కుర్రాళ్ళు గుర్రాలు తెస్తారు, ఎక్కి తరుముతారు. ఆ కుర్రాడు బెదిరి పారిపోతే గెలిచినా తరమలేరు, ఓడితే తప్పించుకోలేరు. జీతం లెక్కలో అందరికన్నా చిన్నవాడు, కానీ ప్రాణాలు వాడి చేతుల్లోనే.

కవచాలను మేక మూలుగతో రుద్ది అద్దంలా మెరిపించేవాళ్ళట. ఆ మెరుపును బట్టే దండుకు వైట్ కంపెనీ అన్న పేరొచ్చిందని చెబుతారు.

నిచ్చెనల పని ఇంకా గొప్పది. పొడవాటి నిచ్చెన మోసుకుంటూ రాత్రిపూట నడిస్తే దూరం నుంచే తెలిసిపోతుంది. వీళ్ళవి ముక్కలు. పెద్ద ముక్కకు కూడా మూడే మెట్లు. ఒకదాని కొన ఇంకోదాని మొదట్లో దూరి బిగుసుకుంటుంది. గోడ కింద చీకట్లో ఎంత ఎత్తు కావాలంటే అంతకు తొడుక్కుంటూ పోవచ్చు. ఇటలీ ఊళ్ళు చలికాలంలో యుద్ధం ఉండదన్న ధీమాతో కాపలా సడలించేవి. వీళ్ళు ఫ్రాన్స్‌లో చలిలోనూ రాత్రిళ్ళూ దాడులు చేసి అలవాటుపడ్డవాళ్ళు. డిసెంబరు, జనవరి నెలల్లో పడిన కోటలెన్నో ఈ లెక్కలో పడ్డవే.

ఇంత చేసినా ఓడిపోయారు కూడా. 1364 జూలై 28న కాషినా దగ్గర హాక్‌వుడ్ ఫ్లోరెన్స్ చేతిలో ఓడాడు. అంతకుముందే పీసా కొలువులోని జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళలో ఎక్కువమందిని ఫ్లోరెన్స్ డబ్బిచ్చి విడగొట్టింది. ఆయన దగ్గర మిగిలిన తనవాళ్ళు కొద్దిమందే. మధ్యాహ్నం దాకా ఆగి, ఎండ శత్రువు కళ్ళల్లో పడేటప్పుడు కొట్టాడు. లెక్క మంచిదే, కానీ పూర్తి కవచంతో జూలై ఎండలో మైళ్ళ దూరం నడిపించాడు. మొదటి దెబ్బ తగిలింది, రెండో దెబ్బకు మనుషుల్లో సత్తువ లేదు. పక్క నుంచి ఫ్లోరెన్స్ వైపున్న జెనోవా క్రాస్‌బౌ విలుకాళ్ళు కొట్టేసరికి వెనక్కి తగ్గక తప్పలేదు.

తుంగభద్ర గట్టు

ఇటలీ కిరాయివాళ్ళ యుద్ధాలు ఉత్తుత్తివే కదండీ? 1440లో అంగియారి యుద్ధంలో ఒక్కడే చచ్చాడట, అదీ గుర్రం మీంచి పడి. రెండు పక్కలా ఒకే వృత్తివాళ్ళు గనక ఒకరినొకరు చంపుకోరని అంటారు.

ఈటెమొన

ఆ మాట ఫ్లోరెన్స్ రచయిత మాకియవెల్లిది. యుద్ధం జరిగిన ఎనభై ఏళ్ళకు పైగా గడిచాక, సొంత పౌరసేన కావాలన్న వాదన కోసం రాసినది. సమకాలీనుల రాతల్లో అంగియారి మృతులు అంతకన్నా చాలా ఎక్కువ. ఇలాంటి యుద్ధాల్లో చావులు వందల్లో ఉంటాయి, క్షతగాత్రులు ఇంకా ఎక్కువ. కాలిబంటు అయితే పట్టుకోకుండా పొడిచేయడమే ఎక్కువ. వాడికి విడుదల సొమ్ము కట్టేవాడెవడు?

ఆ అపోహకు ఒక ఆధారం మాత్రం ఉంది. పట్టుబడిన మామూలు రౌతును ఉంచుకుంటే తిండి పెట్టాలి, కాపలా కాయాలి. అందుకని గుర్రం, కవచం, ఆయుధాలు ఊడదీసుకుని వదిలేసేవాళ్ళు. గుర్రం, కవచం లేని రౌతు మళ్ళీ సమకూర్చుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటికి ఆ ఏడాది యుద్ధకాలం అయిపోతుంది. సైనికుడి కోణంలో ఇది తెలివైన పని. యజమాని నగరానికి మాత్రం కుట్రలా కనిపించింది. 1427లో మక్లోదియో దగ్గర మిలాన్ మీద గెలిచి, వెనిస్ కొలువులోని నాయకుడు కార్మాన్యోలా ఖైదీలను వేలల్లో వదిలేశాడు. వెనిస్ అనుమానం అక్కడే బలపడింది. 1432 మే 5న ఆయన తల నరికించారు. ఖైదీలను వదలడమొక్కటే నేరం కాదు, మిలాన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు కూడా ఉన్నాయి.

కోటబురుజు

ఖైదీల మాట వచ్చింది గనక వాటాలు. ఒప్పందాల్లో సాధారణంగా ఇలా ఉండేది: ఊళ్ళు, కోటలు, భూములు నగరానివి. కదిలే సొత్తు, గుర్రాలు, మామూలు ఖైదీలు పట్టినవాళ్ళవి. శత్రు నాయకుడు గానీ, నగరం నుంచి బహిష్కరించిన తిరుగుబాటుదారుడు గానీ దొరికితే నగరానికి అప్పగించాలి, బదులుగా కొంత సొమ్ము ఇస్తారు. ఆ కొంత ఎంతన్నది ముందే రాసుకోకపోతే తగాదా ఖాయం. పట్టిన సైనికుడు విడుదల సొమ్ము పెద్దగా ఆశిస్తాడు, నగరమేమో రాజకీయ ఖైదీ అంటూ లాక్కుంటుంది.

మైదానంలో గెలిస్తే రెట్టింపు జీతమన్న షరతు కూడా ఉండేది. గెలుపంటే ఏమిటి? శత్రువు వెనక్కి తగ్గితే చాలా, జెండా పట్టుకోవాలా? తీర్పు చెప్పేది యజమాని. డబ్బు కట్టాల్సింది కూడా యజమానే. మీరే ఆలోచించండి.

పోలిక కోసం ఇంగ్లీషు రాజు సైన్యం చూడండి. 1370ల నాటికి అక్కడ మూడో వంతు పద్ధతి స్థిరపడింది. సైనికుడి రాబడిలో మూడో వంతు నాయకుడిది, ఆ మూడో వంతులో మూడో వంతు రాజుది. ఒక బంటుకు 90 పౌండ్ల విడుదల సొమ్ము వస్తే 30 నాయకుడికి, అందులో 10 రాజుకు. ఫ్రాన్స్‌లో ఈ పద్ధతిలో పెరిగినవాళ్ళే ఇటలీకి వెళ్ళారు. పైవాడు మన రాబడిలో ఎంత తీసుకుంటాడన్నది వాళ్ళకు చిన్నప్పటి నుంచీ వంటబట్టిన లెక్క.

సిరాబుడ్డి

లెక్కలు బాగున్నాయి. కానీ ఈ చర్చలో ఇంతవరకూ ఊళ్ళో జనం ఒక్కరూ కనబడలేదు. చెసేనా గురించి చెప్పకుండా హాక్‌వుడ్ గురించి మాట్లాడకూడదు.

1376 మార్చిలో హాక్‌వుడ్ పోపు కొలువులో ఉన్నాడు, జీతం బకాయి. పోపు పాలనలోని ఫాయెంజా పట్టణాన్నే ఆక్రమించి, జనాన్ని బయటికి గెంటి, దోచి, తర్వాత ఫెర్రారా ప్రభువు ఎస్తేకి అమ్ముకున్నాడు. రక్షించమని పంపిన ఊరిని తన బకాయి కింద అమ్మేశాడు.

తర్వాత చెసేనా. 1377 చలికాలంలో కార్డినల్ రాబర్ట్ ఆఫ్ జెనీవా తన బ్రెటన్ (ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు) సైనికులతో అక్కడ బస చేశాడు. చుట్టుపక్కల పొలాలు ఊడ్చేశాక బ్రెటన్లు పట్టణంలో డబ్బివ్వకుండా మాంసం, సరుకులు తీసుకోవడం మొదలుపెట్టారు. ఫిబ్రవరి మొదట్లో జనం తిరగబడి వందలమంది బ్రెటన్లను చంపారు. కార్డినల్ క్షమాభిక్ష మాట ఇచ్చాడు. జనం ఆయుధాలు కింద పెట్టారు. ఆ తర్వాత ఫాయెంజా నుంచి హాక్‌వుడ్‌ను పిలిపించాడు. ఫిబ్రవరి 3న మొదలైన ఊచకోతలో ఆడవాళ్ళు, పసిపిల్లలు సహా వేలమంది చచ్చారు. అంచనాలు 2,500 నుంచి 5,000 దాకా. ఆ కార్డినల్ మరుసటి ఏడాదే ఏడో క్లెమెంట్ పేరుతో అవిన్యోన్ పక్షపు పోపు అయ్యాడు. హాక్‌వుడ్ కొంతమంది ఆడవాళ్ళను రిమినీకి పంపించి కాపాడాడని అంటారు. పంపి ఉండొచ్చు. ఊళ్ళోకి దండును తోలింది కూడా ఆయనే.

లెక్కలపద్దు

మీ ఆవేదనతో ఏకీభవిస్తాను. అయితే కారణం చూడాలి. ఫాయెంజాలో జరిగింది నేరుగా బకాయి వల్లే. పోపు ఖజానా నుంచి నెలల తరబడి డబ్బు రాలేదు. డబ్బుకు బదులు బాన్యాకవాల్లో, కొతిన్యోలా అనే ఊళ్ళు రాసిచ్చారు. జీతం వేళకు ఇచ్చి ఉంటే ఫాయెంజా జరిగేది కాదు.

సిరాబుడ్డి

ఫాయెంజా మటుకు ఒప్పుకుంటాను. చెసేనాకు ఆ లెక్క వర్తించదండి. అది ఆజ్ఞ మీద జరిగింది. జీతం అందినా జరిగి ఉండేది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "కిరాయివాళ్ళు దోచారు" అంటే కార్డినల్ తప్పించుకుంటాడు. ఎవరు కుదుర్చుకున్నారు, ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరు బకాయి పెట్టారు అని ప్రతి సంఘటనకూ విడిగా అడగాలి. చెసేనా తర్వాత కొద్ది నెలలకే హాక్‌వుడ్ పోపును వదిలి మిలాన్, ఫ్లోరెన్స్ కూటమి వైపు వెళ్ళాడు. మిలాన్ ప్రభువు బెర్నాబో విస్కాంటీ తన కూతురు దొన్నినాను ఇచ్చి పెళ్ళి చేశాడు. చెసేనా మచ్చ ఆయన ధరను తగ్గించలేదు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది అదే.

కోటబురుజు

నాగలిచాలు గారి చివరి ప్రశ్నకు వస్తాను, గడువు తీరిన మర్నాడు ఏం తినేవాళ్ళని. ముందు మేత లెక్క వేద్దాం. పని చేసే గుర్రానికి రోజుకు 4 నుంచి 5 కిలోల గింజ, దాదాపు అంతే ఎండుగడ్డి కావాలి. 1,000 లాన్సియాల దండుకు 3,000 గుర్రాలు. రోజుకు 12 నుంచి 15 టన్నుల గింజ. ఏ పల్లె అయినా రెండు మూడు రోజుల్లో ఖాళీ. అందుకే జీతం లేని దండు ఒకచోట ఉండలేదు. నడుస్తూనే ఉండాలి, నడిచినంత మేరా ఊడ్చుకుపోవాలి. దుర్మార్గం మాట అటుంచినా మేతకోసమైనా కదలక తప్పదు.

నగరం నుంచి డబ్బు రాబట్టే పద్ధతి కూడా ఒక క్రమంలో సాగేది. సరిహద్దు దగ్గరికి రాగానే మర్యాదగా ఉత్తరం రాస్తారు. దారి కావాలి, తిండి గింజలు డబ్బుకు అమ్మండి అని. నగరం రాయబారులను పంపుతుంది, వెంట నాయకులకు కానుకలుగా ద్రాక్షసారా, మైనపు వత్తులు, మిఠాయిలు, గుర్రాలకు ఓట్స్ గింజలు. బేరం సాగుతున్నంతసేపూ ఒక పక్క పశువులను తోలుకుపోవడం, మిల్లులు కాల్చడం జరుగుతూ ఉంటుంది. మొత్తం తేలాక విడతలు, దాడి చెయ్యకుండా ఉండాల్సిన ఏళ్ళు, వెళ్ళాల్సిన దారి, అన్నీ నోటరీ రాస్తాడు. 1375లో ఫ్లోరెన్స్ ఒక్కటే 130,000 ఫ్లోరిన్లు (ఫ్లోరెన్స్ బంగారు నాణేలు) ఒప్పుకుంది, 5 ఏళ్ళు జోలికి రాకూడదన్న షరతు మీద. విడిగా హాక్‌వుడ్‌కు జీవితాంతం ఏడాదికి 600 ఫ్లోరిన్ల పింఛను. ఆ వేసవిలోనే పీసా, లుక్కా, అరెజో, సియెనా కూడా కట్టాయి.

నగరాలు ఎందుకు పోరాడలేదని అడుగుతారు. దాడులను కోతలకు ముందు పెట్టుకునేవాళ్ళు. పంట పొలంలో ఉంది, తీగలకు ద్రాక్ష ఉంది. నరికిన ఆలివ్ చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. గోడల లోపల భద్రంగా ఉన్న వర్తకుడికి కూడా పొలం బయటే ఉంది. సియెనా మీద 1342 తర్వాత ఆ శతాబ్దం ముగిసేలోగా ముప్పైకి పైగా ఇలాంటి దాడులు జరిగాయి. కట్టిన డబ్బంతా బలవంతపు అప్పులు, ధాన్యం మీద పన్నుల రూపంలో వసూలైంది. అంటే పశువులు పోగొట్టుకున్న రైతే, ఆ పశువులను తోలుకుపోయినవాడికి ఇచ్చే సొమ్మూ కట్టాడు.

రైతులు తిరగబడి గెలిచిన సందర్భమూ ఉంది. 1358 జూలైలో కోన్రాడ్ వాన్ లాండౌ నడిపే గ్రేట్ కంపెనీ అనే కిరాయి దండు అపెనైన్ కొండల్లో ఇరుకు కనుమలో వెళుతుంటే కొండవాళ్ళు పైనుంచి బండలు దొర్లించారు. గుర్రం తిప్పడానికి చోటు లేని దారి అది. లాండౌ గాయపడి పట్టుబడ్డాడు.

తుంగభద్ర గట్టు

మన వైపు పోలిక ఒకటి గుర్తొచ్చింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు ముట్టడించినప్పుడు క్రిస్టోవావో ద ఫిగ్వెరెదో అనే పోర్చుగీసు ఆయన గుర్రాలు అమ్మడానికి వచ్చి, ఇరవైమంది తుపాకీ మనుషులతో ముట్టడిలో దిగాడు. అప్పటిదాకా రాయల మనుషులు గడ్డపారలతో కోటగోడ రాళ్ళు పెకలించేవాళ్ళు, పైనుంచి బాణాలు, తుపాకులతో చాలామంది చచ్చేవాళ్ళు. పోర్చుగీసు తుపాకులు బురుజు మీది మనుషులను తలెత్తనివ్వకపోవడంతో రాళ్ళు తీసే పని సాగింది. పెకలించి తెచ్చిన రాయికి దాని సైజును బట్టి పణాలు చెల్లించారని కూడా ఆ పోర్చుగీసు వృత్తాంతంలో ఉంది. ఇది కిరాయి కిందికి వస్తుందా?

ఎర్రచుక్క

ఫిగ్వెరెదోది గడువు, బయానా రాసుకున్న కొలువు కాదు, కాబట్టి ఇటలీ తరహాతో కలపలేం. కానీ రాళ్ళ లెక్క గొప్ప ఉదాహరణ. ప్రాణాపాయమున్న పనికి, కొలిచి చూపించగల ఫలితానికి విడిగా డబ్బు. రెట్టింపు జీతం షరతు కన్నా ఇది మేలు, ఎందుకంటే రాయి ఎదురుగా ఉంటుంది, దానిమీద వాదన లేదు.

విజయనగర రాజు రెండో దేవరాయలు తురక విలుకాళ్ళను కొలువులోకి తీసుకుని, వాళ్ళకు మసీదు కట్టించి, సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని పారసీ చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. బయటి నైపుణ్యాన్ని డబ్బుతో పాటు గౌరవంతో నిలుపుకునే పద్ధతి అది. ఇటలీ నగరాలు పౌరసత్వం, పింఛను ఇచ్చింది అందుకే.

సిరాబుడ్డి

బకాయి పెడితే ఏమవుతుందో చూడాలంటే ఇప్పటి స్పెయిన్‌లోని కటలోనియా వాళ్ళ కిరాయి దండు, కటలాన్ కంపెనీని మించిన ఉదాహరణ లేదు. 1303లో రోజెర్ ద ఫ్లోర్ నాయకత్వంలో బైజాంటియం చక్రవర్తి కొలువుకు వెళ్ళారు. 1305లో ఏడ్రియనోపుల్‌లో రోజెర్‌ను విందుకని పిలిచి చంపారు. దండు చెదిరిపోలేదు, థ్రేస్ అంతా తగలబెట్టింది. 1310లో ఏథెన్స్ డ్యూక్ వాల్టర్ ఆఫ్ బ్రియెన్ వీళ్ళను 6 నెలలకు కుదుర్చుకున్నాడు. నెలకు బరువు కవచపు రౌతుకు 4 ఔన్సుల బంగారం, తేలిక రౌతుకు 2, కాలిబంటుకు 1. రెండు నెలల జీతం ముందే ఇచ్చాడు. వాళ్ళు ముప్పైకి పైగా కోటలు గెలిచి పెట్టారు. పని అయ్యాక ఆయన 200 మంది రౌతులను, 300 మంది బంట్లను ఏరుకుని, వాళ్ళకు బకాయి తీర్చి భూములిచ్చాడు. మిగతావాళ్ళను 4 నెలల బకాయి ఇవ్వకుండా పొమ్మన్నాడు.

1311 మార్చి 15న యుద్ధం. కటలాన్లు తమ ముందున్న పొలంలోకి నీళ్ళు మళ్ళించారు. పైకి పచ్చిక, కింద బురద. వాల్టర్ వైపు ఫ్రెంచి నైట్ల (కవచపు రౌతుల) దాడి అందులో కూరుకుపోయింది. వాల్టర్ చచ్చాడు. ఆయన ఏరుకున్న ఆ 500 మంది యుద్ధానికి ముందే పాతవాళ్ళతో కలిసిపోయారు. ఏథెన్స్ డెబ్బై ఏళ్ళకు పైగా కటలాన్ల చేతిలో ఉంది.

నాగలిచాలు

అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. ఈ పద్ధతిని నగరాలు ఎప్పుడైనా అదుపులోకి తెచ్చుకున్నాయా? నాయకులు చివరికి ఏమయ్యారు?

కోటబురుజు

నాయకుల్లో మంచాన పోయినవాళ్ళు తక్కువ. గ్రేట్ కంపెనీ నడిపిన ఫ్రా మోరియాలేను 1354లో రోమ్‌లో తల నరికారు. లాండౌ 1363లో వైట్ కంపెనీతో పోరాటంలో చచ్చాడు. స్టెర్జ్‌ను 1366లో పెరూజాలో నరికారు. ద్రోహం చేశారనుకున్నవాళ్ళ బొమ్మలను తలకిందులుగా వేలాడుతున్నట్టు గోడల మీద గీయించేవాళ్ళు. తర్వాతి కొలువు రాకుండా చేసే శిక్ష అది. హాక్‌వుడ్ 1394 మార్చి 17న ఫ్లోరెన్స్‌లోనే పోయాడు. 1387లో కస్తన్యారో దగ్గర పాదువా తరఫున, తిండి నిల్వలు అయిపోవచ్చిన సైన్యంతో కాలువ గట్టు వెనక నిలబడి వెరోనా మీద గెలిచిన మనిషి. నగరం ఘనంగా అంత్యక్రియలు చేసి, 1436లో చిత్రకారుడు ఉచ్చెల్లో చేత ఆయన బొమ్మను కెథడ్రల్ గోడ మీద గీయించింది.

మామూలు సైనికుడి దారి వేరు. గుర్రం పోతే కాలిబంటుగా దిగజారడం, కవచం తాకట్టు విడిపించుకోలేక మిగిలిపోవడం. చెయ్యి పోయినవాడికి గుర్రానికి ఇచ్చినంత ఖచ్చితమైన పరిహారం ఏ ఒప్పందంలోనూ మామూలుగా కనబడదు.

లెక్కలపద్దు

అదుపు సంగతికి వస్తే, 15వ శతాబ్దంలో వెనిస్ చాలావరకు సాధించింది. గడువులు ఏడాదికి, ఆపైకి పెంచింది. శాంతికాలంలో కూడా తక్కువ జీతం మీద మనుషులను నిలిపింది. కొల్లతెరాలీ అనే శాశ్వత అధికారులను పెట్టి తనిఖీలు, చెల్లింపులు వాళ్ళకే అప్పజెప్పింది. దండు వెంట ప్రొవ్వెదితోరి అనే తన మనుషులను పంపింది. నాయకులకు ఊళ్ళు జాగీర్లుగా ఇచ్చింది, అంటే పారిపోతే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చేసింది. బస కోసం ప్రధాన భూభాగంలోని పల్లెల మీద గుర్రాల పన్ను వేసింది. ఏ ఊరు ఎన్ని గుర్రాలకు గడ్డి, కట్టెలు, చోటు ఇవ్వాలో పట్టీ ఉండేది. పల్లెలకు భారం తప్పలేదు గానీ, ఎంత ఇవ్వాలో కాగితం మీద ఉంది గనక అంతకు మించి లాక్కుంటే వెనిస్‌కు వెళ్ళి ఫిర్యాదు చెయ్యడానికి వాళ్ళకు ఒక ఆధారం దొరికింది.